గడప లేని తలుపు

మంత్రిగారి జవాబు "లేదు" అన్న మాటతో మొదలైంది.

వర్లిన్ ఆ కాగితాన్ని బెండకాయల బుట్ట మీద పరిచి, చదివిన వాక్యాన్నే మళ్ళీ చదివింది. ఎదురుగా భాన్‌మతి పర్సాద్ నిలబడి ఉంది. ఆవిడ పార్లమెంటులో ప్రతిపక్షం వైపు కూర్చునే మనిషి. శనివారం వస్తే సంతకొచ్చి, కూరగాయల బల్లల మధ్య నిలబడి జనం గోడు వింటుంది. మొగుడి ఉద్యోగం ఊడిందన్న వర్లిన్ గోడు విని మంత్రికి రాతపూర్వకంగా ప్రశ్న వేసింది కూడా ఆవిడే. న్యూ పేషెన్స్ ఊరి లాకు కాపరి ఆస్వాల్డ్ ట్రాట్మన్‌ను విచారణ లేకుండా తీసేయడం అన్యాయమని మంత్రిగారి దృష్టికి వచ్చిందా అన్నది ఆ ప్రశ్న.

"లేదు. సదరు కాపరి తన తప్పును చర్చిలో, సంఘం ఎదుట, స్వయంగా ఒప్పుకున్నాడు."

వర్లిన్ తలెత్తింది. "దేవుడి ముందు చెప్పుకున్న మాట మంత్రి దాకా ఎవరు మోశారు?"

"ఎవరో మోశారు ఆంటీ. ఎవరైతే ఏం, ఇప్పుడది అచ్చులో ఉంది," అంది భాన్‌మతి.

పక్క బల్ల మీద ఎండుచేపలమ్మే ముసలమ్మ తొంగి చూసింది. "ఏమన్నాడు మంత్రి?"

"లేదన్నాడు."

"నా మొగుడూ బతికున్నన్నాళ్ళూ అదే అన్నాడు," అంది ఆవిడ, ఈగలు తోలుకుంటూ.

వర్లిన్‌కు నవ్వు రాలేదు.

కిందటేడు ఈస్టరు సోమవారం జరిగిన సంగతి అది. ఆ రోజు పిల్లా జెల్లా అంతా సముద్రపు గోడ మీదే ఉంటారు, గాలిపటాలెగరేస్తూ. ఈస్టరు ఎప్పుడూ పున్నమి వెనకాలే వస్తుంది కాబట్టి పోటు కూడా ఆ రోజుల్లోనే ఉద్ధృతంగా ఉంటుంది. ఊరేమో పోటు మట్టానికి పల్లంలో ఉంది. సముద్రం వెనక్కి తీసినప్పుడు లాకు తలుపెత్తి కాలువ నీళ్ళు బయటికి వదలాలి, పోటెక్కేలోగా తలుపు దించేయాలి. ఆస్వాల్డ్ తన పెళ్ళి కాకముందు నుంచీ చేస్తున్న పని అది. ఆ మధ్యాహ్నం కూడా చక్రం తిప్పి తలుపు దించాడు. చక్రం ఇక తిరగనని మొరాయించేదాకా తిప్పి, చేతులు తుడుచుకుని గోడ మీదికొచ్చి, దుకాణం పెర్సీ ఇచ్చిన మత్తు లేని అల్లం బీరు తాగాడు. ఎవరో పిల్ల ఏడుస్తుంటే దాని గాలిపటం దారం పట్టుకున్నాడు.

ఊరంతా సముద్రం వైపు తిరిగి ఆకాశంలోకి చూస్తుంటే, నీళ్ళు వెనకనుంచి వచ్చాయి. కాలువ పొంగి ఇళ్ళ కిందికి పాకింది. తక్కిన ఇళ్ళన్నీ స్తంభాల మీదున్నవే. పక్కింటి క్లారిస్సా వాళ్ళ అమ్మ, ఊరంతా మిస్ ఎడ్నా అని పిలిచే ముసలావిడ మాత్రం, మెట్లెక్కలేదని, కింద వేసిన గదిలో మంచం పట్టి ఉంది. పండుగ పూట తోడెవరూ లేరు. పరుగెత్తి వచ్చేసరికి మంచం ఒక మూల, ప్రాణం పోయిన ఆవిడ ఒక మూల.

అప్పుడు ఆస్వాల్డ్ చేతిలో గాలిపటం దారం ఇంకా ఉంది. ఊరు మరిచిపోనిది అదే.

అధికారులు వచ్చారు, తలుపు దిగి ఉందో లేదో ఎవరూ చూడకముందే ఎత్తి నీళ్ళు తీశారు, ఆస్వాల్డ్‌ను ఇంటికి పొమ్మన్నారు. మొదట్లో అతను "వేశానే, తలుపు వేశానే," అన్నాడు. నెల తిరిగేసరికి "వేశాననే అనుకుంటున్నాను," అన్నాడు. ఆ తర్వాత ఒక ఆదివారం చర్చిలో సాక్ష్యాల వేళ లేచి నిలబడి, "తలుపు నేనే మరిచానేమో. దేవుడు నన్ను క్షమించాలి, క్లారిస్సా క్షమించాలి," అన్నాడు. ఆ ఊళ్ళో గుండె బరువెక్కితే అలా లేచి చెప్పుకోవడం అలవాటు. విన్నవాళ్ళు 'ఏమో'ను చర్చిలోనే వదిలేసి మిగతాది ఇంటికి తీసుకుపోయారు.

"నేనైతే వదలను," అంది వర్లిన్, కాగితం మడిచి భాన్‌మతి చేతిలో పెడుతూ. "ఆ మనిషి తలుపు వేశాడు. నాకు తెలుసు. ఇంకో ప్రశ్న వెయ్యి."

భాన్‌మతి కాగితం సంచిలో పెట్టుకుంది. రాజకీయాల్లోకి రాకముందు పిల్లలకు లెక్కలు చెప్పిన మనిషి. "తప్పు నాదే ఆంటీ. అన్యాయం అన్న మాట వాడాను. అలాంటి మాట కనపడితే ప్రశ్న నేరుగా మంత్రి దగ్గరికి పోతుంది, ఆయన గుమ్మం మూసేస్తాడు. ఈసారి పొడిపొడిగా అడుగుతాను. తీరం పొడుగునా ఉన్న లాకులన్నిటికీ ఈతగాళ్ళు నీళ్ళడుక్కి ఎప్పుడు దిగి చూశారు, ఏం కనిపించింది, ఏం చేశారు, ఇప్పుడెలా ఉన్నాయి. అంతే."

"నా మొగుడి పేరు?"

"ఉండదు."

"మా ఊరి పేరు?"

"అదీ ఉండదు. అలాంటి ప్రశ్న ఏ మూలనో కూర్చున్న గుమాస్తా దగ్గరికి పోతుంది. అతను దస్త్రం చూసి ఉన్నదున్నట్టు ఎక్కిస్తాడు. పైవాళ్ళు ఆవులిస్తూ సంతకం పెడతారు."

"ఇదేం బేరమమ్మా, వంకాయలు కావాలంటే తోట కౌలు అడిగినట్టుంది," అంది వర్లిన్. కానీ సరేనంది. వేరే దారి లేదు.

ఇంటి దగ్గర ఆస్వాల్డ్ స్తంభాల నీడలో ఉయ్యాల మంచంలో పడుకుని ఉన్నాడు. చర్చిలో అలా చెప్పుకున్న ఆదివారం తర్వాత గేటు దాటలేదు. పోటు వేళకు మాత్రం చేతులు వాటంతటవే కదులుతాయి, లేని చక్రాన్ని తిప్పుతున్నట్టు.

"ఏమంది నీ నాయకురాలు?" అన్నాడు.

"మంత్రిగారు నిన్నడిగానని చెప్పమన్నాడు."

"వదిలెయ్యి వర్లిన్. చేసింది చేశాను."

"చేశావో లేదో నీకు తెలియదు. తెలియనిదాన్ని నెత్తినేసుకునే మొగుణ్ణి దేవుడు నాకే ఇచ్చాడు. లే, అన్నం చల్లారిపోతోంది."

అతను లేచాడు. కొబ్బరిపాలతో, అలసందలతో వండిన అన్నం రెండు ముద్దలు తిని పక్కకు పెట్టాడు. కంచె అవతల క్లారిస్సా బట్టలారేస్తూ, ఎవరితోనో అన్నట్టు గాలిలోకి అంది: "కొందరి ఇళ్ళల్లో తలుపులు బాగానే మూస్తారు, దొంగలొస్తారని. ఊరి తలుపయితే ఎవడిక్కావాలి!"

చిన్నప్పటినుంచీ వర్లిన్‌తో చర్చిలో ఒకే బెంచీ మీద పాడిన మనిషి క్లారిస్సా. వర్లిన్ కంచం తీసుకుని లోపలికి వెళ్ళింది.

జవాబు వచ్చేసరికి మళ్ళీ ఈస్టరు ముందటి వారమొచ్చింది. గురువారం పొద్దెక్కాక భాన్‌మతి మినీబస్సు దిగి పరుగులాంటి నడకతో వచ్చింది. చెమటలు కారుతున్నాయి. కూర్చోమన్నా కూర్చోలేదు.

"అంకుల్, మీరు కూడా వినాలి," అంది.

ఆస్వాల్డ్ ఉయ్యాలలోంచి కదల్లేదు. ఆవిడ పేజీలు తిప్పి, వేలు పెట్టి చదివింది.

"న్యూ పేషెన్స్. ఈతగాళ్ళు దిగినది, గత సంవత్సరం జనవరి. కనిపించినది: తలుపు ఆనవలసిన గడప అడుగునుంచి కొట్టుకుపోయినది. తలుపు పూర్తిగా దించినను కింద మనిషి దూరునంత సందు ఉండును. పెద్ద పోటుకు నీరు ఆగదు."

వర్లిన్‌కు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక మెట్టు మీద కూర్చుంది.

"జనవరా?" అంది.

"జనవరి."

"పండుగకు ముందా?"

"మూడు నెలల ముందు ఆంటీ."

ఆస్వాల్డ్ ఉయ్యాలలో లేచి కూర్చున్నాడు. "నేను పెద్దక్క సమాధి కార్యానికి ఊరెళ్ళింది జనవరిలోనే. అప్పుడు దిగారన్నమాట. చక్రం ఆగిందంటే గడప మీద ఆనిందనుకున్నాను. గొలుసే చివరికంటా వచ్చి ఆగింది. అడుగున ఏముందో ఆ బురదనీళ్ళలో ఎలా కనపడుతుంది?" రెండు చేతులూ చూసుకున్నాడు. "ఫిబ్రవరి పున్నమికి కాలువ ఉబ్బింది, వానలనుకున్నాను. నాకో మాట చెప్పొచ్చు కదా! సైకిలు మీద వచ్చి ఓ మాట చెబితే ఇసక బస్తాలు వేసేవాణ్ణి."

"కాపరికి ఎందుకు చెప్పలేదని అడగలేదు నేను," అంది భాన్‌మతి. "అడగాలని తోచలేదు. ఇంత ఉంటుందని నేనూ అనుకోలేదు."

"అన్నీ తెలిసి," అంది వర్లిన్, "అన్నీ తెలిసి ఇతన్ని ఇంటికి పొమ్మన్నారు. చర్చి మాట అచ్చు వేశారు. తెలిసి!"

"ఇంకా ఉంది." భాన్‌మతి కాగితం వైపు చూడకుండానే చెప్పింది, దారిలో కంఠస్థమైనట్టుంది. "తీసుకున్న చర్య: రాబోవు పనులలో చేర్చడమైనది. ప్రస్తుత స్థితి: యథాతథం."

"యథాతథం అంటే?"

"అలాగే ఉంది ఆంటీ. గడప ఇప్పటికీ లేదు."

వర్లిన్ వీధి చివరికి చూసింది. పిల్లలు సోమవారం కోసం వెదురుపుల్లలు చీల్చుకుంటూ కూర్చున్నారు. పున్నమి ముంచుకొస్తోంది.

ఆస్వాల్డ్ లేచాడు. ఇంటి వెనక ఆనించిన పొడుగాటి వెదురుగడ తీసుకుని, గేటు తెరుచుకుని వీధిలోకి నడిచాడు. ఇన్నాళ్ళ తర్వాత అతన్ని వీధిలో చూసి అరుగుల మీదివాళ్ళు మాటలాపేశారు.

పెర్సీ తన సారా దుకాణంలోంచి కేకేశాడు. "ఏమంకుల్, గాలిపటానికి తోక దొరికిందా?"

"నీ వాగుడుకే ముందు తోక కత్తిరించాలి, మూసుకుని రా," అంది వర్లిన్. ఆ గొంతు విని పెర్సీ నిజంగానే వచ్చాడు. డామినో ఆట వదిలి ఇంకో నలుగురు వచ్చారు. క్లారిస్సా తడిబట్ట చేతిలో పట్టుకునే వాళ్ళ వెంట నడిచింది. దెబ్బలాటేదో జరుగుతుందనుకుంది కాబోలు.

లాకు దగ్గర కొత్త కాపరి డెంజిల్ తలుపు దించి, చక్రానికి ఆనుకుని సిగరెట్టు కాలుస్తున్నాడు. పోటు అప్పుడే ఎక్కుతోంది. ఆస్వాల్డ్‌ను చూసి సిగరెట్టు పారేశాడు.

"వేశావా?" అన్నాడు ఆస్వాల్డ్.

"వేశానంకుల్. చివరికంటా."

"అందరి ముందూ ఇంకోసారి తిప్పు."

డెంజిల్ చక్రం మీద బరువంతా వేశాడు. అది కదల్లేదు. ఆస్వాల్డ్ ఊరి వైపు గట్టు దిగి, గడను తలుపు వెంబడే నీళ్ళలోకి దించాడు. చెక్కకు రాసుకుంటూ దిగింది. అడుగు తగలవలసిన చోట తగల్లేదు. ఏటవాలుగా తోసేసరికి తలుపు కిందనుంచి సముద్రం వైపుకి దూరిపోయింది. అవతలి ప్రవాహం దాన్ని పట్టి ఊపుతుంటే అతని చేతులు కూడా ఊగాయి. తలుపు పాదం దగ్గర కాలువ సుళ్ళు తిరుగుతోంది.

"ఏసయ్యా!" అన్నాడు పెర్సీ. ఈసారి హాస్యమేమీ లేదు.

డెంజిల్ చక్రం మీంచి చేతులు తీసేశాడు. "ప్రతి పున్నమికీ కాలువ ఉబ్బుతూనే ఉందంకుల్. చెబుదామనుకున్నా. చెబితే నన్నే... మీకేమైందో చూశాను కదా."

భాన్‌మతి గట్టు మీద నిలబడి జవాబంతా పైకి చదివింది. జనవరి అన్న మాట దగ్గర క్లారిస్సా ముందుకొచ్చింది. తడిబట్ట ఎక్కడో పడిపోయింది. వచ్చి ఆస్వాల్డ్ చేతిలోంచి గడ లాక్కుంది. తనే తోసింది. చెయ్యి మోచేతిదాకా నీళ్ళలో మునిగేవరకూ తోసింది. ఎక్కడా ఏమీ తగల్లేదు.

"వాళ్ళు జనవరిలోనే చూశారా?" అంది, వెనక్కి తిరగకుండా.

"అవును ఆంటీ," అంది భాన్‌మతి.

"మా అమ్మకు మెట్లెక్కడం కష్టమని కింద గది కట్టించింది నేను. ఫిబ్రవరిలో కట్టించాను. ఎవరైనా చెప్పి ఉంటే..." ఆస్వాల్డ్ వైపు చూసింది, చూడలేక వర్లిన్ వైపు చూసింది. వర్లిన్ ఏడాదిగా దాచుకున్న మాటలు చాలా ఉన్నాయి, ఒకదానికొకటి పోటీగా. గట్టు దిగి, ఆ గడను తనూ పట్టుకుంది.

"రాసుకో," అంది క్లారిస్సా భాన్‌మతితో. "ఎవరు దిగారు, ఎవరికి చెప్పారు, ఎవరు పక్కన పడేశారు. మా అమ్మ పేరు పెట్టి రాయి."

"పేరు పెడితే మళ్ళీ ఒక్క ముక్కలో కొట్టేస్తారు ఆంటీ. నాకు తెలుసు."

"కొట్టనీ. ఆ ఒక్క ముక్క కూడా మా అమ్మ పేరు కిందే అచ్చు వెయ్యమను."

భాన్‌మతి కాగితం వెనక్కి తిప్పి మోకాలి మీద పెట్టుకుని రాయడం మొదలుపెట్టింది.

నీళ్ళు పైకి వస్తున్నాయి. ఆస్వాల్డ్ గట్టెక్కి చక్రం మీద చెయ్యి వేశాడు. డెంజిల్ పక్కకు తప్పుకున్నాడు.

"పెర్సీ," అన్నాడు ఆస్వాల్డ్, "నీ దుకాణంలో ఖాళీ బియ్యం బస్తాలెన్నుంటే అన్నీ పట్రా. డెంజిల్, నువ్వు ఇసక చూడు. సోమవారం దాకా ఆగేది లేదు. తలుపు దించినంత మాత్రాన ఇది ఆగదు."

పెర్సీ అప్పటికే పరుగెడుతున్నాడు.