రెండో బటన్

రేకులు కొట్టే ప్రెస్సు మిషన్‌కి అటొకటి ఇటొకటి రెండు బటన్లుంటాయి. రెండూ ఒకేసారి నొక్కితేనే పైనున్న అచ్చు కిందికి దిగుతుంది. రెండు చేతులూ బటన్ల మీదుంటే లోపల పెట్టడానికి మూడో చెయ్యి ఉండదు గదా, అదీ మిషన్ చేసినవాడి తెలివి. మా సూపర్వైజర్ తెలివి ఇంకో రకం. ఎడమ బటన్ ఎప్పుడూ నొక్కే ఉండేలా సందులో చిన్న చెక్కముక్క దిగ్గొట్టించాడు. కుడి చేత్తో నొక్కుతూ, ఎడమ చేత్తో రేకు పెడుతూ తీస్తూ ఉంటే పని రెట్టింపు. పన్నెండు మిషన్లకీ అదే పద్ధతి. మేమూ వద్దనలేదు. వద్దన్నవాడికి గేటు చూపించేవాళ్లు.

ఆ పద్ధతిలో నా ఎడమ చేతి వేళ్లు మూడు పోయాయి.

నేను ఆస్పత్రిలో ఉండగానే చెక్కలన్నీ పీకేశారు. చెక్క పెట్టుకున్నది నేనొక్కణ్ణేననీ, మిగతా అందరూ రెండు బటన్లూ నొక్కే పనిచేస్తారనీ కంపెనీ రాసింది. అదే తేలితే తప్పు నాది, పరిహారం లేదు. సాక్షి ఎవరయ్యా అంటే నా పెళ్ళాం తమ్ముడు. నా పక్క మిషన్ వాడిదే. వాణ్ణి ఆ పనిలో పెట్టించింది నేనే. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాణ్ణి వెతుక్కోనక్కర్లేదు, మనమే తెచ్చిపెట్టుకుంటాం.

విచారణకి ముందు రోజు ఇంటికొచ్చాడు.

“కోప్పడకు బావా. ఇద్దరు పిల్లలు.”

“నాకూ ఇద్దరేరా. నీ మేనకోడళ్లే.”

“నేను చెప్పకపోతే ఇంకొకడు చెప్తాడు.”

“ఆ ఇంకొకడు మా ఇంటికొచ్చి మంచినీళ్లు తాగడు గదా.”

వాళ్లక్క వంటగదిలోంచే అంది: “తొందరగా తాగమనండి, గ్లాసు కడుక్కోవాలి.”

మర్నాడు లేబర్ ఆఫీసరు వచ్చింది. యాభై ఏళ్లావిడ. మేనేజరు కుర్చీ చూపిస్తే కూర్చోకుండా నేరుగా మిషన్ల దగ్గరికే నడిచింది. మా వాడు పాఠం అప్పజెప్పాడు.

“నాలుగేళ్ల నుంచీ రెండు చేతుల్తోనే నొక్కుతున్నామండి.”

నా వైపు చూడలేదు.

“సరే బాబూ, ఒక యాభై రేకులు కొట్టి చూపించు. రోజూ ఎలా చేస్తావో అలాగే.”

సూపర్వైజరే హుషారుగా మిషన్ వేశాడు. మొదటి నాలుగు రేకులూ మా వాడు రెండు అరచేతులూ ఆనించి, బళ్లో పిల్లాడిలా బుద్ధిగా కొట్టాడు. మిషన్ ముందు కూర్చున్నవాడికి నెమ్మది ఎంతోసేపు నిలవదు. ఐదో రేకుకి వేగం అందుకున్నాడు. కుడి చెయ్యి బటన్ నొక్కింది. ఎడమ చెయ్యి అచ్చు కింద రేకు దగ్గరే ఉంది. అచ్చు దిగలేదు. వాడు ఉలిక్కిపడి ఎడమ చెయ్యి బటన్ మీదికి తెచ్చాడు. తర్వాతి రేకుకీ అంతే. ఆ తర్వాతా అంతే. ఆ చేతికి అక్కడో బటన్ ఉన్న సంగతే తెలీదు.

“ఆపు బాబూ. ఎడమ చెయ్యి లోపలే ఉండిపోతోందేం?”

“మీరు చూస్తుంటే కంగారు పడుతున్నాడు మేడమ్,” అన్నాడు సూపర్వైజర్.

“కంగారైతే రెండు చేతులూ తడబడాలి. ఇతని కుడి చెయ్యి ఒక్కసారీ తప్పలేదు. ఇంకొకర్ని పిలవండి.”

ఇంకొకడు మూడో రేకుకే చిక్కాడు. ఆపైన ఆవిడ మిగతా అందర్నీ వరసగా కూర్చోబెట్టి, కాగితం మీద రాసుకుంటూ పోయింది. మేనేజరు ఫోను పట్టుకుని బయటికెళ్లాడు. తప్పు నాది కాదని ఆవిడ అక్కడే రాసింది.

సాయంత్రం బస్టాపులో మా వాడు నా పక్కన నిలబడ్డాడు.

“రేపట్నించి రావద్దన్నారు బావా.”

“ఊఁ.”

“నీకోసమని చెయ్యలేదు. అబద్ధం ఎందుకు, చివరిదాకా నీ మీదకి తోసేద్దామనే చూశా.”

“తెలుసులే. చేసింది నీ చెయ్యి. నువ్వు కాదు.”

“అక్కతో ఏం చెప్పను?”

“పది వేళ్లతో బయటపడ్డానని చెప్పు.”

వాడు నవ్వలేదు. నేనూ నవ్వలేదు. బస్సు వచ్చింది. నిలబడి వెళ్తే ఒంటి చేత్తోనే కమ్మీ పట్టుకోవాలని వాడికి తెలుసు, ముందు ఎక్కి ఒక సీటు ఆపాడు. కూర్చున్నాను.