సైకిలెక్కిన చేదుకాఫీ

పై వాటాలో కాఫీ మరుగుతున్న సంగతి ఇన్షిరాహ్ ముక్కుకి ముందే తెలిసిపోయింది. చక్కెర పడని కాఫీ. యాలకులు దండిగా దంచిపోసిన చేదుకాఫీ. వరసగా ఇది ఆరో పొద్దు.

ఒంటిగా ఉన్న మగవాడు తన కోసం అంత చేదుకాఫీ కాచుకోడు. అది నలుగురు వచ్చే ఇంటి కాఫీ. అతిథులొస్తే కాస్తారు, లేదా ఇంట్లో ఎవరైనా పోతే పరామర్శకి వచ్చేవాళ్ల కోసం కాస్తారు. మహమ్మారి వల్ల కర్ఫ్యూ పెట్టి నాలుగో వారం నడుస్తోంది. అమ్మాన్ నగరం మొత్తం తలుపులేసుకుని కూర్చుంటే అతిథులు ఎక్కణ్ణుంచి ఊడిపడతారు? ఇక మిగిలింది చావే. పైగా ఆ పై వాటాలో ఉండే సుహైబ్ తల్లి వద్హా గొంతు విని పది రోజులు దాటింది. ఆవిడ దగ్గితే మూడు వీధులకి వినపడేది.

పది కొట్టగానే మెట్ల మీద సైకిల్ చక్రం టకటకలాడింది. ఇన్షిరాహ్ వంటింటి కిటికీ తెర వేలెడంత పక్కకి జరిపింది. సుహైబ్ దిగుతున్నాడు. స్కూల్లో భూగోళం చెప్పే పంతులు, ముప్పై అయిదేళ్ల బ్రహ్మచారి. పది నుంచి ఆరు దాకా జనం బయటికి రావచ్చు, కార్లు మాత్రం తీయకూడదు. అందుకని పాత సైకిలొకటి దులిపి బయటికి తీశాడు. వెనక క్యారియర్ మీద పెద్ద ఫ్లాస్కు, దాని పక్కన గుడ్డలో చుట్టిన ఫింజాన్లు, ఆ చిన్న కాఫీ కప్పులు.

"ఎక్కడికి నాయనా?" అంది తెర వెనక నుంచే.

"ఊరికే పిన్నీ, గాలి కోసం."

గాలి కోసం వెళ్లేవాడికి ఫ్లాస్కెందుకు? పోనీ, తాగడానికే అనుకుందాం. సాయంత్రం అయిదున్నరకి తిరిగొచ్చి, నిండుగా ఉన్న ఫ్లాస్కుని పెరట్లో నిమ్మచెట్టు మొదట్లో బోర్లించేవాడు. బొటబొటా మొత్తం కిందికి పోయేది. అయిదు రోజులుగా ఆమె ఇది చూస్తూనే ఉంది. నిమ్మచెట్టుకి రాత్రిళ్లు నిద్రైనా పడుతోందో లేదో.

ఇన్షిరాహ్ అనుమానం పుట్టుకతో వచ్చింది, కాదనలేం. బజార్లో దోసకాయ కొన్నా రెండు వైపులా వాసన చూసే మనిషి. కానీ ఈసారి ఆమె భయానికి కారణం లోపలి గదిలో మంచం మీద ఉంది. భర్త ముఫ్లెహ్ ముప్పై ఏళ్లు సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేశాడు. ఊపిరితిత్తుల్లో ఇక మిగిలింది పిడికెడు చోటు. "ఈ జబ్బు గాని సోకిందా, ఇంక చెప్పడానికేం ఉండదమ్మా," అని డాక్టరు ఫోన్లో తేల్చేశాడు. అప్పట్నుంచి ఇన్షిరాహ్ రొట్టెల సంచీ కూడా క్లోరిన్‌తో తుడవందే లోపలికి రానివ్వలేదు. మొగుణ్ణి కాపాడుకోవడమే ఆమెకి రాత్రీ పగలూ పని.

ఆ మధ్యాహ్నం భర్త గది తుడుస్తుంటే కిటికీ గట్టు మీద గుండ్రటి మరక కనిపించింది. వేలితో రాసి వాసన చూసింది. యాలకులు.

"ఇక్కడికి ఎవరొచ్చారు?"

"ఎవరొస్తారు? పిచ్చుకలు," అన్నాడు ముఫ్లెహ్ గోడకేసి తిరిగి.

"పిచ్చుకలు కాఫీ తాగుతున్నాయా?"

"ఏమో, వాటికీ ఇంట్లో కూర్చుని విసుగేమో."

నలభై ఏళ్ల కాపురంలో ముఫ్లెహ్ అబద్ధం ఆడినప్పుడల్లా గోడకేసి తిరిగేవాడు. ఇన్షిరాహ్ మనసులో లెక్క తేల్చేసింది. సుహైబ్ తల్లి పైన చచ్చిపోయిందో, చావుబతుకుల్లో ఉందో. వీడు దాచిపెట్టి, ఎవరెవరికో ఆ కాఫీ మోస్తూ, పొద్దున్నే వచ్చి తన మొగుడి ముక్కు కింద ఊపిరి విడుస్తున్నాడు! మర్నాడు తెల్లారగానే ప్రభుత్వం వారి నంబరుకి ఫోన్ చేసి ఉన్నదంతా చెప్పేసింది. లేనిది కూడా కొంచెం చెప్పింది.

పదింటికి సైకిల్ గేటు దాటకముందే ఆరోగ్య శాఖ బండి వచ్చి ఆగింది. తెల్ల దుస్తుల్లో ఇద్దరు, వాళ్ల వెనక పోలీసు ఒకడు. చుట్టుపక్కల బాల్కనీలన్నీ ఒక్కసారిగా నిండిపోయాయి.

"మీ అమ్మ ఎక్కడ?" అన్నాడు పోలీసు.

"సాల్ట్ ఊళ్లో, మా అక్క దగ్గర. కర్ఫ్యూలో ఇల్లు విసుగెత్తి, మా బావకి కారు పాసుంటే ఆ బండెక్కి వెళ్లిపోయింది," అంటూ సుహైబ్ ఫోన్ తీసి కలిపాడు. తెర మీద వద్హా మొహం నిండుగా ప్రత్యక్షమైంది. పోలీసు ఆవిడకి ఫిర్యాదు సంగతి చెప్పాడు.

"ఎవరే నన్ను చంపింది? ఇన్షిరాహేనా?" వీధంతా మోగింది ఆవిడ గొంతు. "ఒసేవ్! నేను పోతే మొదటి ఫోను నీకే చేయిస్తాలే! ఈలోగా మెట్ల కింద పెట్టిన నా ఆలివ్ నూనె డబ్బా జోలికెళ్లావంటే చూడు!"

బాల్కనీల్లో నవ్వులు పడ్డాయి. ఇన్షిరాహ్ చెవులు ఎర్రబడ్డాయి గాని వెనక్కి తగ్గలేదు. "మరి ఆ కాఫీ సంగతేంటో అడగండి!"

సుహైబ్ నేల చూపులు చూశాడు. తెల్ల దుస్తులవాడు అతని ముక్కులోకి పుల్ల దూర్చి నమూనా తీశాడు. అప్పుడు పక్క కిటికీలోంచి దగ్గు వినిపించింది. దగ్గు ఆగాక ముఫ్లెహ్ గొంతు వచ్చింది.

"ఆ కాఫీ నాది. నేనే పంపిస్తున్నాను."

"ఎవరికి?"

"దైఫల్లాకి."

దైఫల్లా ముఫ్లెహ్‌కి తోడబుట్టిన తమ్ముడు. పదకొండేళ్లుగా ఆ పేరు ఆ ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

ఆనాడు దైఫల్లా తన కొడుక్కి వీళ్ల కూతురు రులాని అడగడానికి ఇరవై మంది పెద్దల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. అన్నదమ్ముల పిల్లలకి పెళ్లి చేయడం వాళ్లలో మామూలే. అడగవచ్చినవాళ్లు తమ ముందు పెట్టిన కాఫీ ముట్టరు. ఇంటాయన "కాఫీ తాగండి" అన్నాడంటే అడిగింది ఇచ్చినట్టే. ముఫ్లెహ్ ఆ మాట అనబోయాడు. లోపలి గదిలోంచి ఇన్షిరాహ్ వద్దని కబురు పంపింది. పెళ్లికొడుకు పనిలేని వెధవ అని ఆమె గట్టి నమ్మకం, అందులో తప్పూ లేదు. అయితే ఆ మాట ముందే చెప్పి ఉండాల్సింది. ఇరవై మంది చూస్తుండగా దైఫల్లా కాఫీ చల్లారింది. అతను లేచి, అన్నకేసి చూడకుండా వెళ్లిపోయాడు.

"నాకొక్క మాట చెప్తే నీ సొమ్మేం పోయింది?" అంది ఇన్షిరాహ్.

"చెప్తే ఈ కుర్రాణ్ణి కిటికీ దాకా రానిచ్చేదానివా? వారం తిరిగితే రంజాన్. ఉపవాసాలు మొదలయ్యాక పగలు కాఫీ ఎవడి ముందు పెడతాం? వచ్చే రంజాన్ దాకా నేనుంటానో లేదో. వాణ్ణొకసారి చూడాలనుంది, ఇన్షిరాహ్. అంతే."

"ఫోన్ చేయొచ్చుగా!"

"ఫోన్లో కాఫీ ఎలా పెడతావ్?"

ఈ రోజుల్లో ఎవరింటి కప్పు ఎవరూ ముట్టరు గనక కాఫీ కూడా తామే పంపాలని ముఫ్లెహ్ ఆలోచన. యాలకులు సరిపోయాయో లేదో రోజూ కిటికీ దగ్గర రుచి చూసి పంపేవాడు. సుహైబ్ అల్ తాజ్ కొండ దాకా తొక్కుకుంటూ వెళ్లి, దైఫల్లా గేటు ముందు మెట్టు మీద ఒక కప్పు పోసి పెట్టి, అతని నోట 'తాగు' అనే మాట కోసం ముట్టకుండా ఎదురు చూసేవాడు.

"మరి ఏమంటాడు?" అంది ఇన్షిరాహ్.

సుహైబ్ ముక్కు రుద్దుకుంటూ ఇబ్బందిగా కదిలాడు. "రోజూ బాల్కనీలోకొచ్చి ఒకటే మాట పిన్నీ. 'నీతో పని కాదు పంతులూ. ఆ రోజు లోపలి గదిలోంచి వద్దని పంపిందే, ఆ మనిషి రావాలి' అంటాడు."

పరీక్ష ఫలితం వచ్చేదాకా మూడు రోజులూ ఇన్షిరాహ్ లోలోపల ఉడికిపోయింది. మొగుడి మీద కోపం, మరిది మీద కోపం, అన్నిటికంటే తన మీద తనకి సిగ్గు. భర్తని జబ్బు నుంచి కాపాడుతున్నాననుకుంటూ, ఆయనకి కావలసిన ఒక్కదానికీ తనే తలుపేసి కూర్చుంది. మూడో రోజున సుహైబ్ పరీక్ష ఫలితం ఫోన్‌కి వచ్చింది. జబ్బు లేదు. ఆమె దూరం నుంచే రెండుసార్లు చదివింది, తేదీ కూడా చూసింది.

"సరే. పద," అంది. "నా మోకాళ్లతో ఆ కొండ మెట్లు ఎక్కలేను. కారు తీయనివ్వరు. ఆ క్యారియర్ నన్ను మోస్తుందా?"

తలగడొకటి మడిచి క్యారియర్‌కి కట్టారు. రెండు మాస్కులు, చేతి తొడుగులతో ఇన్షిరాహ్ పక్కకి తిరిగి కూర్చుని, ఫ్లాస్కు ఒళ్లో పెట్టుకుంది.

"నన్ను పట్టుకో పిన్నీ, దిగుడు ఉంది."

"సీటు పట్టుకుంటాలే."

మొదటి మలుపు తిరిగేసరికి రెండు చేతులతో అతని నడుము కావలించుకుని, తెలిసిన దేవుడి మాటలన్నీ చదివేస్తోంది. పై బాల్కనీలోంచి మంగలి అబూ జర్యాన్ అరిచాడు: "సుహైబ్! ఆఖరికి పిల్లని కుదుర్చుకున్నావన్నమాట!"

"నోరుమూసుకుని నీ జుట్టు నువ్వు కత్తిరించుకో, ఎలుగుబంటిలా ఉన్నావ్!" అని కేకేసి ఆమె కళ్లు మూసుకుంది. ఖాళీ రోడ్ల మీద గాలి చెవుల్లో హోరెత్తింది. ఎత్తు వచ్చినచోట సుహైబ్ దిగి, రొప్పుతూ సైకిల్ని నెట్టాడు.

గేటు ముందు మెట్టు మీద ఇన్షిరాహ్ కప్పు పెట్టి, తన చేత్తో కాఫీ పోసింది. దైఫల్లా బాల్కనీలోకొచ్చాడు. గడ్డం తెల్లబడింది. ముఫ్లెహ్ నిలబడ్డట్టే, ఒక భుజం వాల్చి నిలబడ్డాడు.

"తప్పు నాది, దైఫల్లా. పిల్లని ఇవ్వనందుకు కాదు, నిన్నలా కూర్చోబెట్టినందుకు. నీ అన్న ఒకసారి నిన్ను చూడాలంటున్నాడు. అదే అడగడానికి వచ్చాను."

"ఆ రోజు నా కాఫీ ఎంతసేపు అలా ఉందో తెలుసా వదినా?"

"గంటన్నర."

"లెక్కపెట్టావా?"

"తలుపు సందులోంచి చూస్తూనే ఉన్నాను."

అతను కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఇన్షిరాహ్ మెట్టు మీద కూర్చుంది. నీడ గోడ దిగి ఆమె చెప్పుల దాకా వచ్చింది. గంట దాటింది. ఇతను కావాలనే తిప్పి పంపుతాడు, వీధంతా చూడాలనే కూర్చోబెట్టాడు అని ఆమె మనసు పాత దారే పట్టింది. అయినా లేవలేదు. సరిగ్గా గంటన్నరకి గేటు కిర్రుమంది. దైఫల్లా మాస్కుతో, తన ఫింజాన్ తనే చేత పట్టుకుని వచ్చాడు.

"తాగు వదినా," అన్నాడు. "చల్లారిందిగాని, తాగు."

ఇన్షిరాహ్ మాస్కులు కిందికి లాగి ఆ చల్లటి చేదంతా ఒక్క గుక్కలో మింగింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. చేదుకేనంది. తర్వాత ఎడంగా కూర్చుని ముగ్గురూ ఫ్లాస్కు ఖాళీ చేశారు.

"రేపు పదింటికి రా. కిటికీ బయటే నిలబడాలి, లోపలికి రానివ్వను," అంది లేస్తూ. "మాస్కు తీశావంటే ఊరుకోను."

"పదకొండేళ్లకీ మారలేదు నువ్వు," అన్నాడు దైఫల్లా.

అయిదున్నరకి సైకిల్ పెరట్లో ఆగింది. ముఫ్లెహ్ కిటికీ చువ్వలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. వాళ్ల మొహాలు చూడలేదు, రోజూలాగే నిమ్మచెట్టు వైపు చూస్తున్నాడు. ఇన్షిరాహ్ కుంటుకుంటూ చెట్టు దగ్గరికి నడిచి, ఫ్లాస్కు మూత తీసి, ఆయనకి కనపడేలా పైకెత్తి బోర్లించింది.

ఒక్క చుక్క కూడా పడలేదు.