సుబ్బులమ్మ చెప్పిన ఉత్తరం

బంగారుపాళ్యం బడిలో బెంచీలన్నీ ఎండలో పడేసి, గదుల్లో ఆడవాళ్లను వరుసగా నేలమీద పడుకోబెట్టారు. మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి కూలీలను తోలే కాంట్రాక్టరు దేవరాజులు గుమ్మంలో నిలబడి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకే ఈ సీజనులో పని అని చెబుతున్నాడు. ఒళ్లు కాలిపోతోంది, జ్వరం తగ్గాక వస్తానని సుబ్బులమ్మ వేడుకుంది. ఎవరూ ఆమె ఒంటిమీద చెయ్యి వేసి చూడలేదు. పక్కనే పడుకున్న గంగులమ్మ మాత్రం తన తలకింది చీర మడత లాగి సుబ్బులమ్మ తలకింద పెట్టింది.

ఈ ఆడవాళ్ల ఉత్తరం అందుకుని తిరుపతి నుంచి వచ్చిన పంకజాక్షి కిటికీ అవతల నిలబడి ఇదంతా చూసింది. లోపలికి పోబోతే తోసేశారు.

పంకజాక్షి రచయిత్రి. ఆడవాళ్ల ఒంటి బాధల గురించి పత్రికలో రాసేది. గర్భసంచి జారిందని, తెల్లబట్ట అవుతోందని, మొగుడితో చెప్పుకోలేకపోతున్నామని ఊళ్ల నుంచి ఉత్తరాలు వచ్చేవి. ప్రతిదానికీ తన చేత్తోనే జవాబు రాసేది.

ఫ్యాక్టరీ ఆడవాళ్ల ఉత్తరాలు వేరు. అవి ఒక్కరివి కావు. మిషన్ బడిలో ఐదో తరగతి దాకా చదివిన ఆనందమ్మ రాస్తుంది, చుట్టూ కూర్చున్నవాళ్లు తలా ఒక మాట చెబుతారు. అంటించే ముందు మొదటినుంచీ బిగ్గరగా చదవాలి. ఎవరి మాట వాళ్లు విని సరే అన్నాకే అంటించడం. ఆ తర్వాత నాలుగు మూలలా పసుపు పూసేవాళ్లు. గేటు దగ్గర ఉత్తరాలు విప్పి చూసే దేవరాజులు మనిషి, పెళ్లి కబురనుకుని వదిలేసేవాడు.

ఆపరేషన్ తర్వాత సుబ్బులమ్మ కుట్లు చీము పట్టాయి. జరిగింది ఆమె నోటితోనే చెప్పించి రాసి పంపమని పంకజాక్షి ఆనందమ్మను అడిగింది. చిత్తూరులో అధికారికి అర్జీ పెట్టి, ఆ కాగితం తెస్తానని మాట ఇచ్చి, విచారణకు ఒప్పించింది. సుబ్బులమ్మ మూలుగుతూ చెప్పింది. ఆనందమ్మ ఇన్లాండు కవరు మీద రాసి, వేలిముద్ర వేయించి, అందరికీ చదివి వినిపించింది. పోస్టు చేసేలోపే సుబ్బులమ్మ చచ్చిపోయింది. ఆనందమ్మ మిగిలిన మడతలో ఆ కబురు కూడా రాసింది. ఈసారి పసుపు పూయడానికి చెయ్యి రాలేదు. గేటులో ఇవ్వకుండా తానే నడిచిపోయి పోస్టు చేసింది.

ఉత్తరం చేరేసరికి పంకజాక్షి ఇంట్లో లేదు. మూలలకు పసుపు లేకపోవడం చూసి, ఆమెను పెంచిన పెద్దమ్మ శకుంతలమ్మ భయపడుతూనే విప్పింది. ముందు కంటబడింది చివరి వాక్యం. చావు కబురు తెచ్చిన కాగితం గడప దాటకూడదు. అక్కడే నిలబడి ముక్కలుగా చించి, కాలవలో వేసి, తలకు పోసుకుని లోపలికి వచ్చింది. ముఖం కూడా తెలియని ఆ బిడ్డ కోసం కాసేపు ఏడ్చింది.

సాయంత్రం సంగతి విన్న పంకజాక్షి పెద్దమ్మను తిట్టలేదు. మర్నాడే బంగారుపాళ్యం బస్సెక్కింది.

ఆనందమ్మ ఇంటి ముందర ఆడవాళ్లు గుమిగూడారు. మామిడి సొన కాల్చిన చేతులు ఒళ్లో పెట్టుకుని విన్నారు. కాగితం లేదని, అధికారి ఇప్పటికే వడదెబ్బకు పోయిందంటున్నాడని, అర్జీ వెనక్కి తీసుకుంటానని పంకజాక్షి చెప్పింది.

"ఆచారాలు ఇడిసిపెట్టండని పేపర్లో రాసేది నువ్వే గదమ్మా," అంది గంగులమ్మ. "మీ ఇంట్లో పెద్దామె ఆ పేపరు సదవదా?"

ఒకరిద్దరు నవ్వారు. పంకజాక్షి తల దించుకుంది.

తర్వాత వాదన రేగింది. నోరు విప్పితే పని పోతుందని కొందరు, ఈ సీజను పోతే ఏడాదంతా పస్తులేనని కొందరు. పోయిన మనిషి ఎటూ తిరిగిరాదని ఒక ముసలామె లేచి వెళ్లిపోయింది. ఆమెను ఎవరూ తప్పు పట్టలేదు.

చాలాసేపటికి ఆనందమ్మ అంది: "రాపిచ్చిన మనిషి లేదు. కాయితమూ లేదు. ఆ మాటలు ఇన్నోళ్లం ఉండాము గదా మేయ్."

గంగులమ్మ నేలమీద గీత గీస్తూ, ఎవరితోనూ కాకుండా మొదలుపెట్టింది.

"నాకు జొరం ఉండాదని సెప్పినాను. ఎవురూ ఇనలేదు."

"అది మొదుటి మాట కాదక్కా," అంది వెనక నుంచి ఒకామె. "నా పేరు సుబ్బులమ్మ, నాకు ఇద్దురు బిడ్డలు. అట్ల మొదులయితాది."

ఒకరు మరిచింది ఇంకొకరు అందించారు. ఉత్తరం మొత్తం తిరిగి లేచి నిలబడింది. పంకజాక్షి రాసుకోబోయి, కలం మూసేసింది. అర్జీ వెనక్కి తీసుకోలేదు.

విచారణ రోజు చిత్తూరు ఆఫీసులో దేవరాజులు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. అతన్ని చూడగానే ఒకామె వెనక్కి తిరిగింది. పోతూ పోతూ తన సద్దిమూట గంగులమ్మ చేతిలో పెట్టిపోయింది. ఒక్కరే లోపలికి రావాలన్నారు. ఆనందమ్మ వెళ్లి, "నా పేరు సుబ్బులమ్మ" అని మొదలుపెట్టగానే బయటికి గెంటారు. రెండో మాట వరండాలోనుంచి గంగులమ్మ చెప్పింది. మూడోది మెట్ల మీదనుంచి వచ్చింది. దేవరాజులు లేచి, ఎవరెవరు వచ్చారో ముఖాలు గుర్తుపట్టుకున్నాడు. పోలీసులు వచ్చి పంకజాక్షితో సహా అందరినీ వ్యానులో వేశారు. చివరి మాట వ్యానులోనుంచి వినిపించింది.

అధికారి కాగితం మీద మాత్రం వడదెబ్బ అనే రాశాడు.

సబ్ జైలుకు శకుంతలమ్మ వచ్చింది. కొంగులోనుంచి ఒక ఇన్లాండు తీసి ఊచల మధ్యనుంచి చాపింది. మూలలకు పసుపు లేదు. గూడూరు దగ్గర నిమ్మతోటలో కూలికి పోయే మనిషి, ఇట్లాంటి ఆపరేషన్ క్యాంపులోనే పోయిందట.

"చావు కబురే పాపా. చెయ్యి ఊరుకోక ఈ మూల కాస్త చించినాను," అంది ముసలామె. "ఇంక చించలేదు."

పంకజాక్షి ఆమె వేళ్లు పట్టుకుంది.

ఆనందమ్మ ఉత్తరం అందుకుని, చిరిగిన మూల అరచేత్తో సాపు చేసింది. చదవబోయే ముందు అందరినీ దగ్గరికి పిలిచింది. పని పోయిన ఆడవాళ్లంతా జైలు నేలమీద చుట్టూ చేరారు.

"నిదానంగా సదువు," అంది గంగులమ్మ. "మొదుటి మాట నాది."