ఆకలి తెలియని కణాలు

కంపాలా కొండ మీదున్న మా ప్రయోగశాలలో కణాలకు తిండి పెట్టేది నేను. పేరు లుబ్వామా. పంతొమ్మిదేళ్లలో నా చేతి కింద ఒక్క ప్లేటు కూడా పస్తుండి చావలేదని కాస్త పొగరు. దాచడమెందుకు?

ఆ ఆదివారం చర్చి నుంచి నేరుగా వచ్చి ఇంక్యుబేటర్ తెరిచాను. నాల్వోగా పెట్టిన నాలుగు ప్లేట్లు కనిపించాయి. ఈ పిల్ల మా దగ్గర పీహెచ్‌డీ చేస్తోంది. కాళ్ల మీద నల్లటి గడ్డలు లేపే వైరస్ మీద పని. రెండు ప్లేట్లలో వైరస్ ఎక్కించిన కణాలు, రెండింటిలో మామూలువి. అన్ని మూతల మీదా 'సీరం సున్నా' అని రాసి ఉంది.

సీరం అంటే కణాలకు అన్నం. దూడ రక్తంలోంచి తీస్తారు, విదేశాల నుంచి రావాలి, ఏడాదిలో సగం రోజులు దొరకదు. దొరకనప్పుడు మావాళ్లు సిగ్గుపడి ఎవరినీ అడగరు, ఉన్నదాన్నే పలచన చేసి సరిపెట్టుకుంటారు. పాపం, ఈ పిల్ల దగ్గర పూర్తిగా అయిపోయిందనుకున్నాను. ఫోన్ చేస్తే చిన్నబుచ్చుకుంటుందని చేయలేదు. నేను దాచుకున్న సీసా అడుగున మిగిలింది రెండు ప్లేట్లకే వస్తుంది. మైక్రోస్కోప్‌లో చూస్తే మామూలు కణాలు చిక్కి ముడుచుకుపోయి ఉన్నాయి. వాటికే పోశాను. ఇంటికెళ్లి మటోకే అనే అరటికాయ ముద్ద, వేరుశనగ పులుసు తృప్తిగా తిన్నాను.

మంగళవారం మధ్యాహ్నం నాల్వోగా ఫిల్మ్ పట్టుకుని నా గదిలోకొచ్చి స్టూలు మీద కూలబడింది. ప్లేటుకో గీత, కణాల్లో పెరగమనే సంకేతం ఎంతుంటే ఆ ఫిల్మ్ మీద గీత అంత నల్లగా పడుతుంది. నాలుగు గీతలూ ఒకే నలుపు.

"అయిపోయింది బాబాయ్. మామూలువాటిలోనూ పెరగమనే సంకేతం ఇంతే ఉంది. అంటే వైరస్ చేసేదేం లేదు. రెండేళ్ల కష్టం మట్టిలో కలిసింది. రేపు కమిటీ. ఈసారి కూడా చూపించడానికేం లేకపోతే పంపించేస్తామని సెబగ్గాల సార్ ముందే చెప్పారు."

"వైరస్ ఏం చేస్తుందనుకున్నావ్?"

"కణం పెరగాలంటే బయట్నుంచి సీరం వచ్చి గంట కొట్టాలి కదా. ఈ వైరస్ తన గంట తనే బిగించుకుంటుంది. ఎవరూ నొక్కకపోయినా మోగుతూనే ఉంటుంది. కణం పిచ్చిదానిలా సరుకంతా తయారుచేస్తుంది, ఇదేమో ఆ సరుకుతో తన పిల్లల్ని చేసుకుంటుంది. అది తేల్చడానికే అన్నింటినీ పస్తుంచాను."

"కావాలనే పస్తుంచావా?"

"మరి? తిండి పెడితే గంట ఎవరు కొట్టారో ఎలా తెలుస్తుంది?"

చెప్పకపోతే ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన వచ్చిన మాట నిజం, కాసేపు ఉన్న మాటా నిజం.

"మామూలువాటికి నేను సీరం పోశానమ్మా. ఆదివారం."

ఆమె దిగ్గున లేచింది. "నన్నడక్కుండానా? మీకసలు బుద్ధుందా? ఎవరు పెట్టమన్నారు?" అని అరిచి, ఠక్కున ఆగింది. "మామూలువాటికేనా? వైరస్ ఉన్నవాటికో?"

"పోయలేదు, సీసాలో లేదు. అయినా అవి ఆకలిగా కనిపించలేదు. నిగనిగలాడుతున్నాయి."

ఆమె మెల్లగా కూర్చుంది. "అంటే వాటి గంట తిండి లేకుండానే మోగింది. ఈ మాట రేపు సార్ ముందు చెప్తారా?"

చెప్పాను. మా డైరెక్టర్ సెబగ్గాల అంతా విని కళ్లద్దాలు తీశాడు. "మీ కంటికి కనిపిస్తే చాలదు, లుబ్వామా గారూ. పస్తున్న మామూలు కణాలు పక్కన ఉండాలి కదా?" అని నాల్వోగాకు రెండు వారాలు గడువిచ్చాడు. నా దగ్గరున్న ఇంక్యుబేటర్ తాళంచెవి తీసుకుని, అందరి ముందూ ఆమె చేతికిచ్చాడు. ఒళ్లు మండిపోయింది. కానీ ఏ మొహం పెట్టుకుని పోట్లాడతాను?

పై వారం ఆమె మళ్లీ నాలుగు ప్లేట్లు పస్తు పెట్టింది. నేను వరండాలో కాలుగాలిన పిల్లిలా తిరిగాను. రెండు రోజుల తర్వాత ఫిల్మ్ కడిగి, తడి ఆరకముందే బయటికి తెచ్చి ఎండకు పట్టి చూపించింది. వైరస్ ఉన్నవాటికి రెండు నల్లటి గీతలు. మామూలువాటి చోట ఏమీ లేదు.

"చూశారా బాబాయ్, ఒక్కటి కూడా నోరెత్తలేదు!" అంది, ఏడుస్తూ నవ్వుతూ.

ఆ ఖాళీ చోటు వైపు చాలాసేపు చూశాను. ఆ కణాలకు ఈసారి ఎవరూ ఏమీ పెట్టలేదు. నాకు ప్రాణం లేచొచ్చింది.