స్కేలు సిస్టరూ, కబుర్ల పెట్టె

చర్చి ఆవరణలోని బడిలో ముప్పై ఒక్క ఏళ్లుగా లెక్కలు చెబుతున్నది స్కేలు సిస్టరు. ఆ పేరు పెట్టిన పిల్లలకే ఇప్పుడు పిల్లలున్నారు.

ఈమధ్య బడిలో మార్పులు ఊపిరి తిప్పుకోనివ్వడం లేదు. హెడ్మిస్ట్రెస్ కుర్చీలో మొదటిసారి మఠం కన్యస్త్రీ కాని మనిషి కూర్చుంది. నల్లబల్ల పోయి డిజిటల్ తెర వచ్చింది. అన్నిటికీ తలూపిన సిస్టరు ఒక్కదానికి మాత్రం ఊరుకోలేదు. ఫాదర్ ముందు పాపాలు ఒప్పుకునే, పాపసంకీర్తనపు పాత చెక్కగూడును పిల్లల కష్టసుఖాలు వినే గదిగా మార్చారు. జల్లెడ కిటికీకి అటు పిల్లలు, ఇటు కౌన్సిలరక్క. పిల్లలు దాన్ని కబుర్ల పెట్టె అంటారు.

"దేవుణ్ణి క్షమాపణ అడిగిన చోటండీ అది!" అని సిస్టరు గొడవపడితే, "పిల్లలు పాపాలు చెప్పడం ఎప్పుడో మానేశారు సిస్టర్, కష్టాలైనా చెప్పుకోనివ్వండి," అని నవ్వేశారు ఫాదర్.

ఆ గురువారం కౌన్సిలరక్క రాలేదని తెలిసి, గూడు దులపడానికి వెళ్లింది సిస్టరు. దుమ్ము కనిపిస్తే ఆవిడ చేయి ఊరుకోదు. కాళ్లు పీకి, కౌన్సిలరక్క వైపు పీటమీద ఒక్క నిమిషం కూలబడింది. అంతలో అవతల తలుపు చప్పుడైంది.

"అక్కా, నేనే. నిన్న సగంలో ఆపేశా కదా."

ఆరో తరగతి పిల్ల గొంతు. సిస్టరు దగ్గబోయింది గానీ ఆ పిల్ల సందివ్వలేదు.

"గంట కొట్టేలోగా గబగబా చెప్పేస్తా. రేపు నాన్న వచ్చి టీసీ అడుగుతారు. కొత్త బడిలో ఏసీ బస్సుందని ఇంట్లో చెప్పాను. అబద్ధం. అంటే, బస్సుంది. కానీ నేను పోయేది స్కేలు సిస్టరు వల్ల."

సిస్టరు చేతిలోని గుడ్డ ఒళ్లో పెట్టేసింది. ఈ ఏడాది పదకొండుమంది పిల్లలు బడి వదిలి వెళ్లిపోయారు. ప్రతి మీటింగులోనూ తను ఆ ఏసీ బస్సునే తిట్టిపోసింది.

"ఆవిడ కొట్టరక్కా. కొట్టకూడదని రూలొచ్చాక ఎవర్నీ ముట్టుకోలేదట. కానీ ప్రతి మంగళవారం నోటిలెక్కలప్పుడు బల్లమీద స్కేలుతో టక్ టక్‌మని కొడుతూ అడుగుతారు. ఆ చప్పుడుకి నోరు పెగలదు. జవాబు తెలుసక్కా నాకు! పోయిన మంగళవారమూ తెలుసు. సోమవారం నుంచే కడుపునొప్పి. మా బెంచీలోంచి పోయిన ఇద్దరికీ అంతే."

రూలొచ్చిన రోజున సిస్టరు స్కేలును పిల్లల చేతులమీంచి బల్లమీదికి మార్చింది. మారానని తొమ్మిదేళ్లుగా మురిసిపోయింది. ఇక్కడ కూర్చుని ఇది వినే హక్కు తనకు లేదు. లేచిపోబోతూ ముక్కు ఎగపీల్చింది.

"అక్కా, ఏడుస్తున్నారా?"

"అక్క కాదమ్మా," అంది చివరికి. "నేను."

తలుపు తీసుకుని పారిపోతుందనుకుంది. పిల్ల కదల్లేదు.

సిస్టరు నడుముపట్టీలోంచి స్కేలు తీసి, అడ్డుచెక్క కింది సందులోంచి అటు తోసింది. "నీ దగ్గరుంచుకో తల్లీ."

స్కేలు అందుకుని, "విరగ్గొట్టమంటారా?" అంది పిల్ల.

"వద్దు. గీతలు గీసుకో. దాని పని అదే."

"మరి మంగళవారం బల్ల దేంతో కొడతారు?"

సిస్టరు నోరు తెరిచింది. జవాబు తెలుసు. గొంతు పెగల్లేదు.

"తొందరేం లేదు సిస్టర్," అంది పిల్ల, మెల్లగా. బయట గంట మోగింది. స్కేలు సంచిలోకి జారిన చప్పుడు. "నాన్నకి చెప్తా, ఒక్క మంగళవారం చూద్దామని."