నూకరాజు మగ్గు

నేను ఒక బీరు మగ్గును. మగ్గు అనగానే మీకు స్నానాల గదిలో బకెట్టుకు వేలాడే ప్లాస్టిక్ సరుకు గుర్తొచ్చి ఉంటుంది. ఆ అవమానం నాకు అలవాటే. నాది దళసరి గాజు. ఒంటిచేత్తో ఎత్తితే మణికట్టు లాగేంత బరువు. ఉత్తరాదిన ఏదో గాజు బట్టీలో పుట్టి, గడ్డి పరిచిన పెట్టెలో మరో పదకొండు మగ్గులతో రైలెక్కి గోదావరి ఒడ్డుకు వచ్చాను. ఆ పదకొండూ రెండేళ్ళు తిరక్కుండానే పగిలిపోయాయి. తాగినవాళ్ళ చేతుల్లో బతకడం మీరనుకున్నంత తేలిక కాదు.

లాంచీల రేవు పక్కనే దొమ్మేటి అబ్బులు బారు. సగం గట్టు మీద, సగం తాటి దుంగల మీద నిలబడి ఉండేది. వరదొస్తే బల్లల కింద నీళ్ళ చప్పుడు వినబడేది. అక్కడ దొరికేది తాబేలు బొమ్మ బీరు ఒక్కటే. ఆ జిల్లాలోనే తయారయ్యేది. చేదెక్కువ, నురగ తక్కువ. హైదరాబాదు నుంచి వచ్చిన ఆఫీసర్లు ఒక గుక్క తాగి మొహం చిట్లించేవారు. మావాళ్ళు మాత్రం అది గోదావరి నీళ్ళ మహిమ అని మురిసిపోయేవారు. ఫ్యాక్టరీలో వాడేది బోరునీళ్ళని లారీ డ్రైవరు ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ చెవిన పెట్టలేదు.

నన్ను తనదిగా చేసుకున్నవాడు మల్లాడి నూకరాజు. లాంచి నడిపే సరంగు. ప్రతి శనివారం సాయంత్రం నదివైపు కిటికీ దగ్గర కూర్చునేవాడు. ఎదుట హైస్కూల్లో డ్రిల్లు నేర్పే సామ్యేలు మాస్టారు. మధ్యలో వేయించిన రొయ్యలు. మాస్టారు గ్లాసులో తాగేవాడు, నూకరాజు నాతో తాగేవాడు. నన్ను ఇంకెవరికీ ఇవ్వవద్దని అబ్బులుకు గట్టిగా చెప్పి పెట్టాడు.

లాంచి మనుషులకు ఒక ఆచారం ఉండేది. మొదటి గుక్కకు ముందు ఉంగరం వేలు బీరులో ముంచి, మూడు చుక్కలు నదిలోకి చల్లాలి. గోదారమ్మ వాటా అది. నూకరాజు ఏ శనివారమూ దాన్ని తప్పలేదు.

ఒక ఏడాది జులైలో ఎర్రనీళ్ళు బల్లల కిందికి వచ్చేశాయి. తెల్లవారితే నూకరాజు లంకలో చిక్కుకున్నవాళ్ళను తీసుకురావాలి. ఆ శనివారం సాయంత్రం అతను నాలో వేలు పెట్టబోతుంటే మాస్టారు చెయ్యి పట్టుకున్నాడు.

"ఒరే నూకరాజూ, ఆవిడే పొంగి పొర్లుతుంటే ఇంకా తాగించడం ఏంట్రా? ఈపూట మానెయ్."

"ఆవిడకెయ్యకుండా మనం తాగేత్తే బాగోదండి మేస్టారూ."

"నే చెబుతున్నాగా. తాగు!"

బారంతా నవ్వింది. నూకరాజు కూడా నవ్వి నన్ను ఎత్తాడు. మీసాలకు నురగ అంటించుకున్నాడే గాని తాగలేదు. మాస్టారు రొయ్యల కోసం అబ్బులు వైపు తిరిగి కేకేశాడు. ఆ కాస్త వ్యవధిలో నూకరాజు వేలు ముంచి, కిటికీలోంచి మూడు చుక్కలు చల్లి, లుంగీకి తుడుచుకున్నాడు. ఎవరూ చూడలేదు. స్నేహితుడి మాట తీసేసినట్టు ఉంటుందని అతను చెప్పనూ లేదు. తర్వాతే తాగాడు.

మర్నాడు నాలుగుసార్లు వెళ్ళి లంక జనాన్ని ఒడ్డుకు చేర్చాడు. ఐదోసారి వెళ్తుండగా లాంచి తిరగబడింది. లాంచి దొరికింది. నూకరాజు దొరకలేదు.

తన మాట వల్లే గోదారి వాణ్ణి తీసుకుపోయిందని మాస్టారు నమ్మాడు. ఆ తర్వాత ప్రతి శనివారం నన్ను నిండుగా నింపించి కిటికీలో పెట్టేవాడు. "క్షమించావని తెలిసేలా ఒక్క గుక్క తాగరా" అని నీళ్ళకేసి బతిమాలేవాడు. నేనూ ఎదురు చూసేదాన్ని. కిటికీ రెక్క కదిలితే ఆ పెద్ద చెయ్యి నా పిడి మీద పడుతుందేమో అనిపించేది. పడలేదు. నురగ మెల్లగా చచ్చిపోయేది. రెండు శనివారాలు మాస్టారు ఏడుస్తూ ఇంటికి వెళ్ళాడు. మూడో శనివారం ఆయన మొహం కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళగానే అబ్బులు వచ్చి, నన్నెత్తి గటగటా సగం తాగి, మూతి తుడుచుకుని వెళ్ళిపోయాడు. తిరిగొచ్చిన మాస్టారు సగమైన నన్ను చూసి చేతులు జోడించాడు. చాన్నాళ్ళ తర్వాత ఆ రాత్రి అన్నం తిన్నాడట.

అలా పద్నాలుగేళ్ళు నడిచింది. ఈలోగా వంతెన వచ్చింది, లాంచీలు ఆగిపోయాయి. బీరు ఫ్యాక్టరీ మూతపడింది. ఇంకెక్కడిదో బీరు వచ్చింది గాని, తాగినవాడు పాత చేదును తలుచుకోకుండా లేచేవాడు కాదు. చివరికి అబ్బులు కూడా బారు మూసేశాడు. మాస్టారు నన్ను అడిగి ఇంటికి తెచ్చుకున్నాడు.

అక్కడ ఒక శనివారం పోశాడు. తగ్గలేదు. రెండో శనివారమూ తగ్గలేదు. నాలుగో వారానికి మాస్టారు మంచం పట్టాడు. "వాడికి మళ్ళీ కోపం వచ్చింది" అని ఒకటే గోల. కబురు విని అబ్బులు పరుగున వచ్చాడు.

"మేస్టారూ, మీ కాళ్ళట్టుకుంటానండి. ఆ బీరు నేనే తాగేసేవోణ్ణండి. మీరు కుదుటపడతారని."

"పద్నాలుగేళ్ళా?"

"ఆయ్. అసలు నాకు బీరు పడదండి."

మాస్టారు కోప్పడలేదు. నాకేసి తిరిగాడు. "అయితే వాడు ఒక్కసారి కూడా రాలేదన్నమాట" అన్నాడు. లేచి నాలో ఉన్నది పెరట్లో పారబోసి, కడిగి, బీరువా మీద బోర్లించాడు. మరెప్పుడూ పొయ్యలేదు.

నా దగ్గర రెండు నిజాలు ఉండేవి. ఒకటి ఆయన్ను బతికించేది, రెండోది చంపేది. రెండోది చెప్పడానికి అబ్బులుకు నోరుంది. మొదటిది నాకు తప్ప ఎవరికీ తెలియదు. మూడు నెలలకు మాస్టారు పోయాడు.

ఇప్పుడు నేను పాత సామాన్ల బండి మీద ఇత్తడి గంటెల పక్కన ఉన్నాను. కొనేవాళ్ళు అంచు మీద వేలు తిప్పి పగులుందేమోనని చూస్తారు. లేకపోయినా పెట్టేసి వెళ్ళిపోతారు.

ఆ శనివారం నూకరాజు చుక్కలు చల్లాడండీ. ఆ మాట వినాల్సిన మనిషి లేకుండా పోయాక మీకు చెబుతున్నాను.