ఫ్రీజరు మీద పచ్చ స్టిక్కరు

ఆ కాలేజీలో పర్యావరణాన్ని కాపాడే పనిని కామర్స్ ప్రొఫెసరుకు అప్పగించారు. ఆయన పచ్చ చొక్కా వేసుకుని, పచ్చ కవరు తొడిగిన ఫోను పట్టుకుని తిరిగేవాడు. పిల్లలు ఆయనకు హరిత సార్ అని పేరు పెట్టారు. అది వెక్కిరింత అని ఆయనకు తప్ప అందరికీ తెలుసు. ఆయన మాత్రం బిరుదు అనుకుని మురిసిపోయి గది తలుపు మీద రాయించుకున్నాడు. ఆ తలుపు వెనక, ఆయన ఉన్నా లేకపోయినా ఏసీ నడుస్తూనే ఉండేది. గది వేడెక్కితే మళ్ళీ చల్లబరచడానికి ఇంకా ఎక్కువ కరెంటు కావాలని ఆయన వాదన.

ఆ వాదన విన్నప్పుడల్లా మట్టి మేడమ్‌కు ఒళ్ళు మండేది. పేరుకే మేడమ్, ఉద్యోగం లేదు సద్యోగం లేదు. సైన్సు బ్లాకు పై అంతస్తులో పరిశోధన చేసుకునే అమ్మాయి. చేలన్నీ మాడిపోయిన చోట ఒక్క మొక్క పచ్చగా నిలబడి ఉంటే, దాని వేళ్ళ దగ్గరి మట్టి సంచిలో పోసుకుని వచ్చేది. నీళ్ళు లేకపోయినా ఆ మొక్కను బతికిస్తున్న సూక్ష్మజీవులు ఆ మట్టిలో ఉంటాయి. వాటిని వేరుచేసి, పెంచి, చిటికెన వేలంత గొట్టాల్లో పోసి డీప్ ఫ్రీజరులో దాచేది. రేపు ఎండలు ఇంకా ముదిరితే పంటకు వాటిలో ఏవి అక్కరకొస్తాయో తేల్చడమే ఆమె చదువు. ఆమెకు పట్టా రావాలన్నా, ఆ చదువు ఏ రైతుకైనా పనికిరావాలన్నా ఆ ఫ్రీజరు ఆగకుండా నడవాలి.

ఆ మట్టి కోసం ఆమెను ఊళ్ళన్నీ తిప్పింది వాళ్ళ నాన్న. బస్సు డ్రైవరుగా రిటైరైన రోజున, ఇక జన్మలో బండి ముట్టనని ఒట్టు పెట్టుకున్న మనిషి. కూతురి కోసం ఆ ఒట్టు తీసి గట్టున పెట్టి, పాత స్కూటరు దుమ్ము దులిపాడు. వేసవి వస్తే చాలు, ఇద్దరూ తలకు తువ్వాళ్ళు చుట్టుకుని బయల్దేరేవారు. సాయంత్రం ఆమె ఇంటికి రాగానే ఆయన అడిగే మాట ఒకటే.

"ఏమ్మా, మన పురుగులు చల్లగా ఉన్నాయా?"

"అవి పురుగులు కావు నాన్నా."

"నీకు కాకపోవచ్చు. నా మోకాళ్ళు అరిగింది వాటికోసమే కదా, నాకిష్టమైన పేరు పెట్టుకుంటా."

ఇలా ఉండగా, కాలేజీకి హరిత గ్రేడు ఇవ్వడానికి ఒక పరిశీలన బృందం వస్తోందని కబురొచ్చింది. హరిత సార్‌కు కాలు నిలవలేదు. చెట్లు నరకొద్దని చెప్పే ఫ్లెక్సీలు కట్టడానికి అడ్డొస్తున్నాయని గేటు దగ్గర కొమ్మలన్నీ కొట్టించాడు. ఆ తర్వాత ఆయన బుర్రలో కరెంటు ఉపవాసం అనే ఆలోచన పుట్టింది. వరసగా వచ్చే సెలవుల్లో కాలేజీ అంతా కరెంటు ఆపేయాలి. ఏ బ్లాకు మీటరు తక్కువ తిరిగితే ఆ బ్లాకుకు షీల్డు. ఆపదగ్గ స్విచ్చుల మీద పచ్చ స్టిక్కరు, ఆపకూడని వాటి మీద ఎర్ర స్టిక్కరు అంటించాలి.

ఇంత బుర్రలేని మనిషికి ఇంత తెలివైన ఏర్పాటు ఎలా తట్టిందా అని మట్టి మేడమ్ ఆశ్చర్యపోయింది. తన ఫ్రీజరు స్విచ్చి మీద తనే స్వయంగా ఎర్ర స్టిక్కరు అంటించింది. ఊడకుండా పైన టేపు కూడా వేసింది. నిశ్చింతగా సెలవులకు నాన్నతో మట్టి కోసం వెళ్ళింది.

సెలవులయ్యాక పొద్దున్నే కొత్త మట్టి సంచులతో ల్యాబుకు వచ్చి తలుపు తీసేసరికి ముక్కు పగిలిపోయే వాసన. ఫ్రీజరు కింద నీళ్ళు మడుగు కట్టి గుమ్మం దాకా పారుతున్నాయి. మూత ఎత్తింది. వెచ్చటి ఆవిరి మొహాన కొట్టింది. గొట్టాలు నీళ్ళలో తేలుతున్నాయి. మూతలు కొన్ని ఊడిపోయి, ఒకదానిలోది ఇంకొకదానిలో కలిసిపోయి ఉంది. ఎన్నో వేసవుల ఎండ, నాన్న మోకాళ్ళు, అన్నీ కలిసి కుళ్ళిన గంజిలా ఉన్నాయి. స్విచ్చి వైపు చూసింది. ఆపేసి ఉంది. దాని మీద పచ్చ స్టిక్కరు కొత్తగా మెరుస్తోంది.

ఆమెకు ఏడుపు రాలేదు. మెట్లు దిగి నేరుగా హరిత సార్ గది తలుపు తోసుకుని వెళ్ళింది. లోపల ఏసీ చల్లగా ఉంది.

"నా ఎర్ర స్టిక్కరు ఎవరు తీశారు సార్?"

"నేనే మార్పించానమ్మా," అన్నాడు హరిత సార్ చిరునవ్వుతో. "సెలవుల ముందు సాయంత్రం ఒక రౌండు వేశాను. ఎక్కడ చూసినా ఎర్రగా కనిపిస్తోంది. హరిత ప్రాంగణంలో ఎరుపేంటి? ఫోటోల్లో ఏం బాగుంటుంది? అందుకే అన్నీ పచ్చవి వేయించాను. ఇప్పుడు చూడు, కంటికి ఎంత హాయిగా ఉందో!"

"పచ్చ ఉంటే ఆపేయమని పిల్లలకు చెప్పింది మీరే కదా?"

"చెప్పాను. ఎంత క్రమశిక్షణో! ఒక్కటి కూడా వదల్లేదు."

ఆయన మొహంలో తప్పు చేసిన జాడే లేదు. చేసిందేమిటో అర్థమైతే కదా! ఆమె విడమరచి చెప్పింది. ఆయన విన్నాడు, తల ఊపాడు. చివరికి, "అయ్యో, ఐస్ కరిగిపోయిందా? మళ్ళీ పెట్టుకోవచ్చులే," అని, "అన్నట్టు, షీల్డు మీ బ్లాకుకే వచ్చిందమ్మా. రేపు స్టేజీ మీద అందుకోవడానికి నువ్వే రావాలి. ఆడపిల్ల అయితే ఫోటోకు నిండుగా ఉంటుంది," అన్నాడు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పు అడిగాడట వెనకటికొకడు. వాడు నయం, అడిగి ఊరుకున్నాడు.

తన చేత పరిశోధన చేయిస్తున్న గైడు గారి దగ్గరికి వెళ్ళింది. ఆయన పెద్ద శాస్త్రవేత్త, అంతకంటే పెద్ద గోడమీది పిల్లి. విషయం వినగానే లేచి తలుపు వేశాడు.

"జరగకూడనిది జరిగింది. కానీ గ్రేడు వచ్చేదాకా నోరెత్తకు. అది వచ్చాక నిదానంగా మాట్లాడదాం."

"అవి మీ పరిశోధన కూడా కదా సార్?"

"నాకింకా సర్వీసుంది కదమ్మా," అన్నాడాయన. ఆ మాటతో ఆయన మీద ఆమెకున్న చివరి గౌరవం కూడా కరిగిపోయింది.

ఆ సాయంత్రం నాన్న వీధి అరుగు మీద కూర్చుని మోకాళ్ళకు నూనె రాసుకుంటున్నాడు. ఆమెను చూడగానే నోరు తెరిచి, మొహం చూసి మూసేశాడు. ఆయన అడగకపోవడంతోనే ఆమెకు ఏడుపొచ్చింది. పక్కన కూలబడి చిన్నపిల్లలా ఏడ్చింది. నాన్న నూనె చెయ్యి తుడుచుకోకుండానే ఆమె తల నిమిరాడు.

మర్నాడు సభ. ఊరికంతటికీ కరెంటు పొదుపు నేర్పే ఆ సభ దీపాలకు కరెంటు చాలదని డీజిల్ జనరేటరు తెప్పించారు. దాని రొదలో ప్రసంగాలు వినబడక మైకు పెంచారు. మట్టి మేడమ్ స్టేజీ ఎక్కి షీల్డు అందుకుంది. బృందం పెద్దాయన మర్యాదకు అడిగాడు.

"మీరు ఏ విషయం మీద పరిశోధన చేస్తున్నారమ్మా?"

ఆమె మైకు దగ్గరికి జరిగింది.

"ఎండలు ముదిరి వానలు మొహం చాటేస్తే పంటను బతికించే సూక్ష్మజీవుల మీద సార్."

"చాలా బాగుంది! ఎక్కడున్నాయవి? చూడొచ్చా?"

"ఇదిగో సార్, మీరిచ్చిన ఈ షీల్డులో ఉన్నాయి. వాటి ఫ్రీజరు ఆపేసినందుకే మా బ్లాకుకు ఇది వచ్చింది. ఆపకూడదని అంటించిన ఎర్ర స్టిక్కరు ఫోటోకు బాగోదని హరిత సార్ పచ్చది వేయించారు. ఒక్కటీ బతకలేదు."

పెద్దాయన చెయ్యి గాల్లో ఆగిపోయింది. ముందు వరసలో గైడు గారు చెప్పులు చూసుకున్నాడు. వెనక వరసల్లో జనరేటరు రొదకు ఏమీ వినబడని పిల్లలు, ఆమె మాట్లాడటం ఆపింది కదాని చప్పట్లు కొట్టారు. హరిత సార్ అందరికంటే గట్టిగా కొట్టాడు.

గ్రేడు వచ్చింది. అన్నిటికంటే పెద్ద గ్రేడే వచ్చింది. కాకపోతే పెద్దాయన వెళ్తూ వెళ్తూ ఏదో అన్నట్టున్నాడు, మరుసటి రోజు హరిత సార్ ఆయాసపడుతూ పై అంతస్తుకు ఎక్కి వచ్చాడు. చేతిలో అరచెయ్యంత ఎర్ర స్టిక్కరు. అప్పటికి ఆమె ఫ్రీజరు ఖాళీ చేసి, కడిగి, తుడిచి పెట్టింది. ఆయన స్విచ్చి వేసి, స్టిక్కరు అంటించి, అరచేత్తో రుద్దాడు.

"ఇక దీని జోలికి ఎవరైనా వస్తే ఊరుకోను. రాత్రింబగళ్ళు నడవాల్సిందే!"

"లోపల ఏమీ లేదు సార్."

"లేకపోతేనేం? జాగ్రత్త ముఖ్యం," అని, స్టిక్కరు పక్కన నిలబడి తన ఫోటో తనే తీసుకుని వెళ్ళిపోయాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకునేవాళ్ళను ఆమె చూసింది కానీ, ఒకరి చేతులు కాల్చి తాను ఆకులు పట్టుకుని ఫోటో దిగేవాణ్ణి చూడటం అదే మొదలు.

కింద స్కూటరు హారను మోగింది. కిటికీలోంచి చూస్తే నాన్న, తలకు తువ్వాలు చుట్టుకుని, కాళ్ళ దగ్గర ఖాళీ సంచులు పెట్టుకుని ఉన్నాడు.

"రా అమ్మా, ఎండెక్కకముందే పోదాం," అని కేకేశాడు. "ఆ చేలు మనకు కొత్తవా?"

ఖాళీ ఫ్రీజరు గుర్రుమంటూ ఒట్టి గాలిని చల్లబరుస్తోంది. గొట్టాలు మళ్ళీ నిండటానికి ఎన్ని వేసవులు పడతాయో ఆమెకు తెలుసు. నాన్న మోకాళ్ళు అన్నాళ్ళు ఓర్చుకుంటాయో లేదో తెలియదు. వెళ్తూ వెళ్తూ చెయ్యి చాపి, ఎర్ర స్టిక్కరు కింద ఉన్న స్విచ్చి ఆపేసింది. హరిత గ్రేడు కొట్టిన ఆ కాలేజీలో నిజంగా ఆదా అయిన కరెంటు అదొక్కటే.